చలికాలంలో నది ఒడ్డు జమ్ము కొట్టొద్దు

సంపాదకులకు,

ఏటా జనవరిలో ఆసియా నీటిపక్షుల గణన జరుగుతుంది. మన దేశంలో 1987 నుంచీ సాగుతున్న పని ఇది. బాతులెన్ని, కొంగలెన్ని, ఎక్కడెక్కడ దిగాయన్నది దాని వల్లే తెలుస్తోంది. పత్రికల్లో ఫొటోలు కూడా వస్తాయి. అదే నీటి అంచున జమ్ములో, తుంగలో, తుమ్మ కంపలో దాక్కుని తిరిగే చిన్న చిన్న పాటపిట్టలు మాత్రం ఆ లెక్కలోకి రావు. అది నీటిపక్షుల లెక్క కాబట్టి తప్పు పట్టడానికీ లేదు. చిక్కల్లా లెక్కలో లేనివి పోయినా ఎవరికీ తెలియకపోవడమే. అందుకే నది ఒడ్డున ఎకరాల జమ్మును నడి డిసెంబరులో యంత్రం పెట్టి ఊడ్చేసినా "పార్కు శుభ్రపడింది" అని సంతోషిస్తున్నాం తప్ప, అందులో చలికాలం గడపడానికి వచ్చిన అతిథులు ఏమయ్యాయని అడగడం లేదు.

సంగారెడ్డి దగ్గర మంజీరానే తీసుకుందాం. సింగూరు డ్యామ్‌కూ మంజీరా బ్యారేజీకీ మధ్య నది పొడవునా ఉన్న అభయారణ్యాన్ని 1978లో ప్రకటించారు. మొసళ్ల కోసం పేరు పడింది. హైదరాబాద్ తాగునీటిలో కొంత ఇక్కడిదే. నీళ్లు నిలిచి ఉండటం వల్ల ఒడ్డునా లంకల చుట్టూ జమ్ము, తుంగ దట్టంగా పెరిగాయి. వాటి వెనక నల్లతుమ్మ, రేగు, సర్కారు తుమ్మ. అక్టోబరు నుంచి మార్చి దాకా ఇలాంటి ఒడ్డున ఎక్కడ నిలబడినా పది గజాల్లోపు ఒక వార్బ్లర్ (పురుగుల్ని ఏరుకు తినే ఇలాంటి చిన్న పాటపిట్ట) ఉంటుందన్నా అతిశయోక్తి కాదు. వచ్చినవాళ్లలో చాలామంది దాన్ని చూడకుండానే "కాకులూ కొంగలూ తప్ప ఏమీ లేవు" అంటూ వెళ్లిపోతారు. చూడ్డం రాకపోవడం ఒక కారణమైతే, చూసే చోటు లేకుండా పోతుండటం రెండోది. రెండింటి గురించీ రాస్తున్నాం.

ముందుగా ఏవేమిటో. అన్నింటికన్నా ఎక్కువగా వచ్చేది బ్లైత్స్ రీడ్ వార్బ్లర్. పాత పక్షి పుస్తకాల్లో దీని తెలుగు పేరు కంపజిట్ట. ఫిన్లాండు నుంచి సైబీరియా దాకా వేసవిలో గుడ్లు పెట్టి ఆ తర్వాత మన వైపు బయల్దేరుతుంది. బరువు పది పన్నెండు గ్రాములు, అంటే మూడు రూపాయి నాణేలంత. ఒంటి మీద గీతల్లేవు, మచ్చల్లేవు, మట్టి కలిసిన ఆకుపచ్చ రంగు. పేరులో రీడ్, అంటే రెల్లు, ఉన్నా చలికాలంలో దీనికి పొదలే ఇష్టం. ఆకుల అడుగున పురుగుల్నీ సాలీళ్లనీ ఏరుకుంటూ గంటల తరబడి ఒకే పొదలో గడుపుతుంది. జమ్ములోనే ఉండి బొంగురు గొంతుతో "కర్ర కర్ర కీట్" అని అరిచేది క్లామరస్ రీడ్ వార్బ్లర్. దాదాపు పికిలిపిట్టంత ఉంటుంది. జమ్ము మొదట్లో బురద మీద పరుగెత్తి, ఆగి, తోక ఎత్తి, మళ్లీ లోపలికి దూరేది బ్లూథ్రోట్. నల్లతుమ్మల్లో బూడిదరంగు తల, తెల్లటి గొంతుతో తిరిగేది లెస్సర్ వైట్‌త్రోట్. చెట్ల పై కొమ్మల్లో "చిస్లీ, చిస్లీ" అంటూ క్షణం నిలవనిది గ్రీనిష్ వార్బ్లర్. వలస దారిలో అక్టోబరు, నవంబరుల్లో పొన్నంగి పిట్ట కూడా దిగుతుంది. దానికి కావలసింది పొద కింద రాలిన ఆకుల పరుపు.

వీటిని చూడాలంటే తెల్లవారేసరికి అక్కడ ఉండాలి. డిసెంబరు, జనవరిల్లో ఇక్కడ సూర్యోదయం 6.30కీ 6.50కీ మధ్య. వెలుతురు పడకముందే పిలుపులు మొదలవుతాయి. అప్పుడు వినడమే తప్ప చూడటం కుదరదు. ఎండ పొద మీద పడి, మంచు ఆరి, పురుగులు కదిలినప్పుడు పిట్టలు పొద అంచుకు వస్తాయి. ఆ గంటా గంటన్నరే అసలైన సమయం. తొమ్మిది దాటాక మళ్లీ లోపలికి పోతాయి. సాయంత్రం నాలుగు తర్వాత ఇంకో అవకాశం ఉంటుంది గానీ పొద్దుటంత బాగుండదు. గాలి గట్టిగా వీచే రోజు వెళ్లకపోవడమే మేలు. అన్ని ఆకులూ కదులుతుంటే ఏ కదలిక పిట్టదో తేల్చలేం, పిట్టలు కూడా నేలకు దగ్గరగా అణిగి ఉంటాయి.

సూర్యుడు వీపు వెనక ఉండాలి. పొద్దున అయితే పొదలు మనకు పడమర వైపు ఉండే దారి ఎంచుకోవాలి. ఎదురెండలో చూస్తే ప్రతి పిట్టా నల్లగానే కనిపిస్తుంది. ఇక్కడ ఇంకో మోసం ఉంది. తొలి ఎండ పసుపురంగుది కాబట్టి ఆకుపచ్చ కలిసిన పిట్ట కూడా ఎర్రమట్టి రంగులో కనిపించి, పుస్తకంలో లేని జాతిని చూశామనిపిస్తుంది. కాస్త పొద్దెక్కాక అదే పిట్టను మళ్లీ చూసి నిర్ణయించుకోవాలి.

నడుస్తూ వెతికితే దొరకవు. ఒక మంచి పొదను ఎంచుకుని, ఎనిమిది పది మీటర్ల దూరంలో, వెనక చెట్టు మానో గోడో ఉండేలా నిలబడాలి. తెల్ల చొక్కా వద్దు. మొదటి ఐదు నిమిషాలు ఏమీ ఉండదు, పిట్టలన్నీ మనల్నే గమనిస్తుంటాయి. పదిహేను, ఇరవై నిమిషాలు కదలకుండా ఉంటే మనల్ని లెక్కలోంచి తీసేస్తాయి. చాలామంది పదో నిమిషంలో విసుగొచ్చి ఇంకో పొద దగ్గరికి నడుస్తారు. అక్కడ మళ్లీ మొదటికొస్తుంది. ఉదయమంతా నాలుగు చోట్ల నిలబడటం నలభై చోట్ల తిరగడం కన్నా ఎక్కువ ఫలితమిస్తుంది.

చెవితో మొదలుపెట్టాలి. కంపజిట్ట పిలుపు ఒక్క అక్షరం: "చెక్". గట్టిగా, పొడిగా, నాలుక అంగిట కొట్టినట్టు. కాసేపు ఆగి మళ్లీ "చెక్". రెండు మూడు సార్లు వింటే పిట్ట పొదలో ఎడమకు పోతోందో కుడికి పోతోందో, పైకి వస్తోందో తెలుస్తుంది. పొదలో అది రాబోయే ఖాళీ జాగా ఏదో చూసుకుని, కళ్లు అక్కడే నిలపాలి. పిట్టను వెంటాడే కన్నా అది రాబోయే చోట కాపు కాయడం సులువు. గాలి లేనప్పుడు ఒక్క ఆకే కదిలిందంటే అక్కడే ఉంది. కొత్తవాళ్లను ఎక్కువగా తిప్పలు పెట్టేది ఉడుత. దాని "చిక్ చిక్" దూరం నుంచి వార్బ్లర్ పిలుపులాగే వినిపిస్తుంది. తేడా ఏమిటంటే ఉడుత ఒకసారి మొదలెడితే ఆపదు, చాలాసేపు ఒకే లయలో కొడుతూ పోతుంది. టైలర్‌బర్డ్ కూడా అంతే, ఒక మాట పట్టుకుంటే వదలదు. కంపజిట్టది పిసినారి గొంతు.

బైనాక్యులర్స్ 8×42 చాలు. మొదటి అంకె ఎన్ని రెట్లు దగ్గరగా చూపుతుందో చెబుతుంది, రెండోది ముందు అద్దం వెడల్పు మిల్లీమీటర్లలో. పది రెట్లది కొంటే ఇంకా బాగా కనిపిస్తుందనుకుంటారు. పొదల్లో పిట్టలకు అది పనికిరాదు. కనిపించే మేర తగ్గిపోతుంది, చేతి వణుకు కూడా పది రెట్లవుతుంది. రోడ్డు పక్కన అమ్మే ముప్పై రెట్ల జూమ్ రకాల గురించి చెప్పనక్కర్లేదు. కొనేటప్పుడు ఎవరూ అడగని ముఖ్యమైన ప్రశ్న ఇంకోటుంది: ఎంత దగ్గరి వస్తువును స్పష్టంగా చూపుతుంది? రెండు మీటర్లు అయితే మంచిది. ఐదు మీటర్లు అయితే కాలి దగ్గరి పొదలోకి పిట్ట వచ్చినప్పుడు మసకే మిగులుతుంది. కొన్నాక కళ్లకు సరిచేసుకోవడం తప్పనిసరి. ఇరవై మీటర్ల దూరంలో ఒక బోర్డు మీది అక్షరం ఎంచుకుని, కుడి కన్ను మూసి మధ్య చక్రంతో ఎడమ కంటికి స్పష్టంగా తెచ్చుకోవాలి. తర్వాత ఎడమ కన్ను మూసి, మధ్య చక్రం ముట్టకుండా కుడి కంటి దగ్గరి రింగు మాత్రమే తిప్పాలి. ఆ రింగు నిలిచిన గుర్తు జ్ఞాపకం పెట్టుకోవాలి. కళ్లజోడు ఉన్నవాళ్లు కంటి దగ్గరి రబ్బరు కప్పులను కిందికి దించుకోకపోతే సగం దృశ్యమే చూస్తారు. పిట్ట కనిపించాక తల దించి బైనాక్యులర్స్ వైపు చూడకూడదు. చూపు పిట్ట మీదే ఉంచి వాటిని కంటికి తెచ్చుకోవాలి. పది సార్లు ఇంట్లో కిటికీ దగ్గర సాధన చేస్తే వచ్చేస్తుంది.

గుర్తుపట్టడంలో తడబాటు సహజం. ఈ గోధుమరంగు పిట్టల్లో మూడు విషయాలు చూస్తే సగం చిక్కు తీరుతుంది. కనుబొమ గీత ఎంత దూరం పోయింది, తోక చివర గుండ్రమా చదునా, ఎక్కడ తిరుగుతోంది? కంపజిట్ట కనుబొమ గీత కంటి ముందే ఎక్కువ, కన్ను దాటాక మసకేసిపోతుంది. తోక గుండ్రం. ప్యాడీఫీల్డ్ వార్బ్లర్ అయితే గీత కంటి వెనక దాకా స్పష్టంగా సాగి, దాని పైన ముదురు అంచు ఉంటుంది, పైగా తడి తుంగ వదిలి రాదు. బూటెడ్ వార్బ్లర్ చిన్నది, వెలిసినట్టుంటుంది, తోక చదును, పక్క ఈకల అంచు తెల్లన. పొడి తుమ్మల్లో తిరుగుతుంది. మూడూ చూడటం కుదరకపోతే "వార్బ్లర్, జాతి తెలియదు" అని రాసుకోవడంలో నామోషీ లేదు. బ్లూథ్రోట్‌కు మాత్రం ఇంత తిప్పలు లేవు. ఎగిరినప్పుడు తోక మొదట్లో రెండు వైపులా ఇటుక రంగు మెరిస్తే చాలు. చలికాలంలో మగదాని గొంతు నీలం పూర్తిగా ఉండకపోవచ్చు, ఆడదానికి నీలం ఉండకపోవచ్చు, తోక మాత్రం అబద్ధం చెప్పదు.

మంజీరా లాంటి చోట బ్లూథ్రోట్ కోసం బురదలోకి దిగడం మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. అది మొసళ్ల నది. నీటి అంచుకు కనీసం పదిహేను ఇరవై గజాలు ఎడంగా, కట్ట మీదో గట్టు మీదో ఉండి చూడాలి. పిట్ట తనంత తానే బయటికొస్తుంది.

ఇప్పుడు ఫోన్ల సంగతి. మెర్లిన్ యాప్ పిలుపు విని పేరు చెబుతోంది. ఇండియా ప్యాక్ ముందే దించుకుంటే సిగ్నల్ లేకపోయినా పనిచేస్తుంది. మంచి సాయమే. కానీ ఏట్రింత పిట్ట (డ్రోంగో) శిక్రా డేగను అనుకరించి అరిస్తే యాప్ కూడా డేగ అనొచ్చు. ఒక్క "చెక్" వినిపించి వార్బ్లర్ పేరు చెప్పినప్పుడు కూడా అనుమానించాలి. కంటితో చూసో, మళ్లీ మళ్లీ వినో నిర్ధారించుకున్నాకే ఈబర్డ్ లాంటి పక్షుల లెక్కల వెబ్‌సైట్‌లో ఎక్కించాలి. కనిపించకుండా వినిపించిన పిట్టను కూడా లెక్కలో రాయాలి. జమ్ములో పిట్టల్లో ఎక్కువ భాగం వినిపించేవే. ఫిబ్రవరిలో నాలుగు రోజులు జరిగే గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్‌లో ఒకేచోట పదిహేను నిమిషాలు నిలబడి రాసిన పట్టిక కూడా పనికొస్తుంది. నీటిపక్షుల గణన వదిలేసిన ఖాళీని కొంతైనా పూడ్చే దారి ఇదొకటే కనిపిస్తోంది.

అదే ఫోన్‌లో రికార్డు చేసిన పాట పెట్టి పిట్టను బయటికి రప్పించడం మాత్రం వేరే సంగతి. ఫొటో కోసం ఈ పని బాగా పెరిగింది. గ్రీనిష్ వార్బ్లర్ చలికాలంలో కూడా సొంత జాగా ఏర్పరచుకుని కాపాడుకుంటుందని పక్షి శాస్త్రవేత్త ట్రెవర్ ప్రైస్ తూర్పు కనుమల్లో లంబసింగి ప్రాంతంలో చేసిన పరిశోధనతో తేలింది. స్పీకర్‌లో ఇంకో పిట్ట గొంతు వినిపిస్తే తన జాగాలోకి శత్రువు వచ్చిందనుకుని తిండి మాని వెతుకుతుంది. ఏడెనిమిది గ్రాముల ఒంటికి ఆ అరగంట తిండి చిన్న సంగతి కాదు. మార్చి, ఏప్రిల్‌లో అయితే తిరుగు ప్రయాణానికి కొవ్వు పెంచుకునే సమయం. వానాకాలంలో ఇక్కడే గూళ్లు కట్టే ప్రినియాలనే చిన్న పిట్టలూ పికిలిపిట్టలూ అయితే గూడు వదిలి వస్తాయి, ఆ వ్యవధి చాలు కాకికి. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం పక్షుల గుడ్లనూ గూళ్లనూ చెదరగొట్టడం కూడా "వేట" నిర్వచనంలోకే వస్తుంది. కెమెరా పట్టుకున్నాం, తుపాకీ కాదు కదా అనుకునేవాళ్లు ఆ వాక్యం ఒకసారి చదవాలి.

ఇక అసలు విన్నపం, పార్కులు నడిపేవాళ్లకూ కాంట్రాక్టు ఇచ్చేవాళ్లకూ. ఏ ఒక్క ఊరి గురించో కాదు.

జమ్మును అసలు కొట్టొద్దని అనడం లేదు. వదిలేస్తే అది నీళ్లన్నీ ఆక్రమిస్తుంది, అడుగున పూడిక పెరుగుతుంది. కొట్టాలి, కానీ ఎప్పుడు, ఎంత, ఎలా అన్నదే ప్రశ్న. వలస పిట్టలు ఏప్రిల్ చివరికి దాదాపు వెళ్లిపోతాయి. వానలు పడ్డాక ఇక్కడి పిట్టల గూళ్ల కాలం ముమ్మరమవుతుంది. మధ్యలో మే నెల ఉంది. నీళ్లు కూడా తగ్గి ఉంటాయి, మనుషులు చేత్తో కోయడం సులువు. ప్రినియాలు ముందే గూడు కట్టి ఉండొచ్చు, కాబట్టి కత్తి పెట్టే ముందు ఆ గుబురును ఒకసారి చూసి, గూడుంటే నాలుగడుగులు వదిలి కోయాలి. ఒడ్డు పొడవును మూడు భాగాలు చేసి ఏటా ఒక భాగమే కోస్తే, ఏ సంవత్సరమైనా రెండు వంతులు పిట్టలకు మిగులుతాయి. నీటి మట్టానికి అడుగు పైన కోయాలి. నీళ్లలో మునిగేంత కిందికి కోస్తే మొదళ్లకు గాలి అందక చచ్చిపోతాయి, మళ్లీ చిగురించవు. కోసింది అక్కడే వదిలేస్తే కుళ్లి నీళ్లు వాసనేస్తాయి, ఒడ్డుకు లాగేయాలి. నిప్పు మాత్రం పెట్టొద్దు.

ఎక్కువ నష్టం జరిగేది గుర్రపుడెక్క తీసేటప్పుడు. అది తీయాల్సిందే, ఎంత త్వరగా తీస్తే అంత మంచిది, చలికాలమైనా సరే. అది నీటి మీద తేలే మొక్క, జమ్ము బురదలో వేరూనినది. యంత్రం డ్రైవరుకు ఆ తేడా ఎవరూ చెప్పరు, గంటల లెక్కన డబ్బు కాబట్టి బకెట్‌కు అందినదంతా తీసేస్తాడు. జమ్ము అంచున ముప్పై అడుగులకొక వెదురు కర్ర పాతి ఎర్రగుడ్డ కడితే పని అయిపోతుంది. "కర్ర దాటొద్దు" అన్న ఒక్క మాట టెండరు కాగితంలో కూడా ఉండాలి. ఖర్చు వెదురు ధరే.

పొదల విషయంలో గొడవ పాములతో వస్తుంది. నడిచేవాళ్లు భయపడతారు, ఆ భయం నిజమే. అందుకని పొదలన్నీ కింది కొమ్మలు నరికి గొడుగుల్లా చేస్తున్నారు. అలాంటి పొదలో కంపజిట్ట ఉండదు, దానికి నేల దాకా ఆకు కావాలి. బాటకు రెండు వైపులా మీటరున్నర గడ్డి పొట్టిగా కోసి ఉంచితే పాము కనబడుతుంది. అక్కడి నుంచి లోపలికి పొదలను వాటి మానాన వదిలేయొచ్చు. ఆకులు బాట మీదివి ఊడిస్తే చాలు, చెట్ల కిందివి ఊడ్చి తగలబెట్టొద్దు. పొన్నంగి పిట్ట ఆ ఆకుల్ని తిరగేసుకుంటూనే బతుకుతుంది. కొత్తగా నాటేటప్పుడు కోనోకార్పస్ బదులు నల్లతుమ్మ, కానుగ, ఏరుమద్ది, వావిలి, రేగు నాటండి. సర్కారు తుమ్మ తీసేయాలన్నది నిజమే, కానీ ఇవి ఏపుగా పెరిగాక వరసకొకటిగా తీయండి. ఒకేసారి తీస్తే రెండు మూడేళ్లు ఆ ఒడ్డు బోడిగా మిగులుతుంది.

చిన్న సంగతులు రెండు. సంక్రాంతి అయ్యాక పొదల్లో, జమ్ము మీద చిక్కుకున్న గాలిపటాల మాంజా తీయించాలి. నైలాన్ మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లో నిషేధించినా దారం ఇంకా దొరుకుతూనే ఉంది, నెలల తరబడి తెగకుండా వేలాడుతుంది. ఇక చిన్న పిట్టలు వలస పోయేది రాత్రిపూటే కాబట్టి అక్టోబరులో, ఏప్రిల్‌లో నీటి మీదికి తిప్పిన ఫ్లడ్ లైట్లను పార్కు మూసేయగానే ఆపేస్తే మంచిది.

గేటు వేళ కూడా చూడండి. పిట్టలు చూడ్డానికి రమ్మని బోర్డు పెట్టి, తొమ్మిదికి గేటు తీస్తే వచ్చినవాళ్లకు మిగిలేది బోర్డే. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా కనీసం శని, ఆదివారాలైనా 6.15కు తెరిచి, మొదటి రెండు గంటలు పాటలు, మైకులు లేకుండా చూస్తే చాలు. టికెట్ ఇచ్చే మనిషి అంత పొద్దున్నే రావడం కష్టమైతే ముందురోజు సాయంత్రమే టికెట్ ఇచ్చే పద్ధతి పెట్టొచ్చు.

ఇట్లు,
మంజీరా ఒడ్డున పిట్టలు చూసే కొందరు పాఠకులు,
సంగారెడ్డి